ముందు ఖాళీ కణాన్ని అడగండి

(భీమవరంలో బయోటెక్నాలజీ, ఫార్మసీ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. మాట తడబడిన చోట్ల మాత్రమే సరిచేశాం.)

అందరికీ నమస్కారమండీ. వెనక వరసలో వాళ్ళకి వినిపిస్తోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది, వినపడకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడకండి.

భీమవరంలో నిలబడి కణం గురించి మాట్లాడేటప్పుడు మొదట ఎవరిని తలుచుకోవాలి? ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని. 1895లో ఈ ఊళ్ళో పుట్టారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ఇచ్చారు. ఆ కొలత చేతికొచ్చాక కండరంలో ఏముందో వెతుకుతూ వెళ్ళి 1929లో కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువుని పట్టుకున్నారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా పట్టుకున్నాడు. ముందు కొలత, తర్వాత ఆవిష్కరణ. ఈ వరస గుర్తుపెట్టుకోండి. ఆ ఏటీపీ ఈ రోజు మన మాటల్లో మూడుసార్లు వస్తుంది. రెండుసార్లు మనకి సాయం చేస్తుంది, ఒకసారి మోసం చేస్తుంది. ఎక్కడెక్కడో చూద్దాం.

కణం చుట్టూ పొర ఉంటుంది, అది మీకు తెలుసు. ఎడ్రినలిన్ లాంటి హార్మోను ఆ పొర దాటి లోపలికి వెళ్ళదు. బయటే ఆగి, పొరలో గుచ్చుకుని ఉన్న ఒక ప్రోటీన్‌ని పట్టుకుంటుంది. దాన్నే రిసెప్టర్ అంటున్నాం, పాఠ్యపుస్తకాల్లో గ్రాహకం అని ఉంటుంది. బయట పట్టుకుంటే లోపల ఆకారం మారుతుంది, ఆకారం మారితే లోపల కబురు అందుకునే జీ ప్రోటీన్ కదులుతుంది, అక్కడి నుంచి కబురు ముందుకు పోతుంది. ఇలా జీ ప్రోటీన్‌తో మాట్లాడే రిసెప్టర్లు మనిషి జీనోమ్‌లో దాదాపు 800 ఉన్నాయి. వాడుకలో ఉన్న మందుల్లో మూడో వంతు వీటి మీదే పనిచేస్తాయి. ఫార్మసీ పిల్లలు ఎంతమంది ఉన్నారిక్కడ? సగం పైనే ఉన్నట్టున్నారు. అయితే ఇది మీ సబ్జెక్టే.

మరి ఒక్క రిసెప్టర్ ఏం చేస్తుందో విడిగా చూడాలంటే ఎలా? గుండె కణం తీసుకుంటే అందులో పదుల రకాల రిసెప్టర్లు ఉంటాయి. మీరు వేసిన మందు దేన్ని తాకిందో ఎలా చెబుతారు? అందుకే సెల్ లైన్, అంటే ప్రయోగశాలలో ఎప్పటికీ పెరుగుతూ ఉండే ఒకే రకం కణాలు, కావాలి. మనిషి కణాల్లో ఆ రిసెప్టర్ లేనిదాన్ని తీసుకుని, మనకి కావలసిన రిసెప్టర్ జీన్ అందులో పెట్టి, ముందూ వెనకా పోల్చి చూడాలి.

దీనికి నాకు బాగా నచ్చే ఉదాహరణ మిరపకాయ. కారం నోట్లో పెట్టుకుంటే మంట పుడుతుంది. మంట అంటున్నాం కదా, నిజంగా వేడి ఉందా? లేదు. మరి వేడిగా ఎందుకనిపిస్తుంది? 1997లో డేవిడ్ జూలియస్ ప్రయోగశాలలో దీనికి జవాబు దొరికింది. నొప్పిని మోసే నాడీ కణాల నుంచి వేల జీన్ల కాపీలు తయారుచేసి, వాటిని గుంపులు గుంపులుగా హెచ్‌ఈకే 293 అనే సెల్ లైన్‌లో పెట్టారు. కాల్షియం పెరిగితే రంగు మారే అద్దకం వేసి, మిరపలోని కాప్సైసిన్ పోశారు. ఒక గుంపులో కొన్ని కణాలు మెరిశాయి. ఆ గుంపుని చీల్చి, మళ్ళీ చీల్చి, చివరికి ఒక్క జీన్ దగ్గరికి వచ్చారు. అదే టీఆర్‌పీవీ1, పొరలో తలుపులా ఉండే రిసెప్టర్. అది 43 డిగ్రీలు దాటిన వేడికీ తెరుచుకుంటుంది, కారానికీ తెరుచుకుంటుంది. అందుకే కారం మంటలా అనిపిస్తుంది. 2021లో నోబెల్ వచ్చింది.

ఇప్పుడు మీరు ఆలోచించండి. ఆ ప్రయోగం ఎందుకు నిలబడింది? జీన్ పెట్టని మామూలు హెచ్‌ఈకే కణాల మీద కాప్సైసిన్ పోస్తే ఏమీ జరగదు కాబట్టి. ఏమీ జరగదు! ఆ నిశ్శబ్దమే ఆ ప్రయోగానికి పునాది. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఇదే. రిసెప్టర్ పెట్టిన కణాన్ని అడిగే ముందు, పెట్టని కణాన్ని అడగండి. ముందు ఖాళీ కణాన్ని అడగండి. అది మాట్లాడకపోతేనే రెండోదాని మాటకి విలువ.

సరే, ఈ హెచ్‌ఈకే 293 ఎక్కడిది? నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో, 1973లో, అలెక్స్ వాన్ డర్ ఎబ్ ప్రయోగశాలలో ఫ్రాంక్ గ్రాహమ్ తయారుచేశాడు. మానవ పిండం మూత్రపిండం కణాల్లోకి అడినోవైరస్ 5 డీఎన్‌ఏ ముక్కల్ని ఎక్కించాడు. అది ఆయన 293వ ప్రయోగం, అందుకే ఆ అంకె. పేపరు 1977లో వచ్చింది. ఒక పిండం నుంచి వచ్చిన కణాలివి, వాటిని చేతిలోకి తీసుకునేటప్పుడు ఆ సంగతి మనసులో ఉండాలి. హెచ్‌ఈకేలో కే అంటే కిడ్నీ, పేరులో మూత్రపిండం ఉంది గానీ, వీటిలో నాడీ కణాల లక్షణాలు కనిపిస్తాయి. కాబట్టి వీటిలో వచ్చిన ఫలితాన్ని చూసి మూత్రపిండం ఇలా పనిచేస్తుందని ఎవరూ రాయకండి. ఇంకొకటి, వీటి క్రోమోజోములు 46 కాదు, అరవై పైచిలుకు. చాలా జీన్లకి మూడేసి కాపీలు ఉంటాయి. ఈ ముక్క దగ్గరికి మళ్ళీ వస్తాను.

దీనికి చెల్లెలు లాంటిది 293టీ. అందులో ఎస్‌వీ40 వైరస్ లార్జ్ టీ యాంటిజెన్ అదనంగా ఉంటుంది. దానివల్ల ఎస్‌వీ40 ఆరిజిన్, అంటే కాపీలు మొదలయ్యే చోటు, ఉన్న ప్లాస్మిడ్లు (జీన్‌ని మోసే గుండ్రటి డీఎన్‌ఏలు) లోపల సంఖ్య పెంచుకుంటాయి, ప్రోటీన్ విపరీతంగా తయారవుతుంది. ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది, రాసుకోండి. 293టీ తయారుచేసినప్పుడే అందులో నియోమైసిన్ నిరోధక జీన్ పెట్టేశారు. అంటే ప్లాస్మిడ్ ఎక్కని కణాల్ని చంపడానికి వేసే నియోమైసిన్ జాతి మందు జీ418 వేసినా అది చావదు. మీరు మీ ప్లాస్మిడ్ ఎక్కించి, జీ418 వేసి, మూడు వారాలు పెంచి, అన్నీ బతికాయి కాబట్టి అన్నిటిలో నా రిసెప్టర్ ఉందనుకుంటారు. ఒక్కదాన్లోనూ ఉండకపోవచ్చు. 293టీతో అయితే ప్యూరోమైసిన్ గానీ హైగ్రోమైసిన్ గానీ వాడండి. ఏది వాడినా ముందు ఖాళీ కణాల మీద చంపే మోతాదు చూసుకోవాలి. మామూలు 293కి జీ418 మిల్లీలీటరుకి 400 నుంచి 800 మైక్రోగ్రాములు, వారం పది రోజులు. ప్యూరోమైసిన్ 1 నుంచి 2 మైక్రోగ్రాములు, రెండు మూడు రోజుల్లో తేలిపోతుంది. చూశారా, ఇక్కడ కూడా ముందు ఖాళీ కణాన్నే అడిగాం.

పెంపకం గురించి త్వరగా చెప్పేస్తాను, మీ ప్రాక్టికల్ పుస్తకంలో ఉన్నదే. డీఎంఈఎం మీడియం, 10 శాతం ఎఫ్‌బీఎస్ (పశువు పిండం సీరమ్), 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్. అడుగు 80 శాతం నిండగానే ఎనిమిదింట లేదా పదింట ఒక వంతు కొత్త ఫ్లాస్కులోకి. పూర్తిగా కిక్కిరిసిపోయేదాకా వదలకండి. వదిలితే పొరలు పొరలుగా లేచి వచ్చేస్తాయి, ఆ తర్వాత ట్రాన్స్‌ఫెక్షన్, అంటే డీఎన్‌ఏ ఎక్కించడం, సరిగా అవదు. ఇవి అడుగుని గట్టిగా పట్టుకునే కణాలు కావు. 96 గుంటల ప్లేటులో వేసి, కడిగి, మందు పోసేసరికి సగం కొట్టుకుపోతాయి. అందుకని ప్లేటుకి ముందే పాలీ డీ లైసిన్ పూత వెయ్యాలి. మిల్లీలీటరుకి 50 మైక్రోగ్రాములు, గుంటకి 50 మైక్రోలీటర్లు, గంట ఉంచి, స్టెరైల్ నీళ్ళతో రెండుసార్లు కడిగి ఆరబెట్టండి. కడగడం మానేస్తే ఆ లైసినే కణాల్ని చంపుతుంది.

మన డెల్టాలో అదనంగా చూసుకోవలసినవి ఉన్నాయి. వానాకాలం గాలిలో తేమ, బూజు. ఇంక్యుబేటర్ అడుగున నీళ్ళ ట్రే ఉంటుంది చూడండి, బూజు మొదట అక్కడే పుడుతుంది. వారానికోసారి ట్రే కడిగి, ఆటోక్లేవ్ చేసిన డిస్టిల్డ్ వాటర్ పొయ్యాలి. కుళాయి నీళ్ళు వద్దు. కరెంటు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. తుఫాను హెచ్చరిక వచ్చిందంటే ఫ్లాస్కుల్లో కణాల్ని నమ్ముకోకండి, ముందురోజే ఫ్రీజ్ చేసేయండి. 10 శాతం డీఎంఎస్‌ఓ, వయల్‌కి 20 నుంచి 40 లక్షల కణాలు, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబడేలా ఐసోప్రొపనాల్ పెట్టెలో పెట్టి మైనస్ 80కి, అక్కడి నుంచి ద్రవ నైట్రోజన్‌కి. ద్రవ నైట్రోజన్ అనగానే కంగారు పడకండి. పశువుల ఆసుపత్రిలో గేదెలకి ఎదకి వేసే వీర్యం స్ట్రాలు దాచే డబ్బా చూశారా? అదే నైట్రోజన్, అదే మైనస్ 196 డిగ్రీలు. ఆ డబ్బాలో మట్టం పుల్ల పెట్టి ఎలా చూస్తారో మీరూ అలాగే వారంవారం చూడాలి. ఎండిపోతే కరెంటు పోయినదానికంటే పెద్ద నష్టం.

ఇప్పుడు రిసెప్టర్‌ని లోపల పెట్టే పని. ఆరు గుంటల ప్లేటులో గుంటకి 5 నుంచి 7 లక్షల కణాలు ముందురోజు వెయ్యండి. మర్నాటికి 60, 70 శాతం నిండాలి. గుంటకి మొత్తం డీఎన్‌ఏ 2 మైక్రోగ్రాములు. దాన్లో రిసెప్టర్ ప్లాస్మిడ్ ఎంత? రెండూ అదే వేసేయకండి. 0.1 మైక్రోగ్రాముతో మొదలుపెట్టండి. మిగతా 1.9ని ఖాళీ ప్లాస్మిడ్‌తో నింపండి. డీఎన్‌ఏని కణంలోకి మోసుకెళ్ళే పాలీఇథిలీన్‌ఇమైన్, పీఈఐ అంటాం, ఒక భాగం డీఎన్‌ఏకి మూడు భాగాలు. మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము ఉన్న స్టాకు అయితే 6 మైక్రోలీటర్లు. సీరమ్ లేని మీడియం 200 మైక్రోలీటర్లలో రెండూ కలిపి 15, 20 నిమిషాలు ఉంచి చుక్కచుక్కగా వెయ్యాలి. సీరమ్ ఉంటే ఆ ముద్దలు సరిగా కట్టవు. ఖాళీ కణం అని నేనంటున్నది కూడా ఉత్త కణం కాదు సుమా. అదే 2 మైక్రోగ్రాములు ఖాళీ ప్లాస్మిడ్, అదే పీఈఐ, అంతా అదే. రిసెప్టర్ ఒక్కటే ఉండకూడదు. తేడా ఒక్కటే ఉండాలి, అప్పుడే పోలిక.

పెట్టిన రిసెప్టర్ పైకి చేరిందో లేదో ఎలా తెలుస్తుంది? కణాన్ని కరిగించి ప్రోటీన్‌ని వెతికే వెస్టర్న్ బ్లాట్‌లో మొత్తం ప్రోటీన్ కనిపించిందంటే పొర మీద ఉన్నట్టు కాదు. చాలా రిసెప్టర్లు లోపలే, ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లోనే ఇరుక్కుంటాయి. అందుకని రిసెప్టర్ బయటివైపు కొసకి, అంటే ఎన్ కొసకి, ఫ్లాగ్ అనే ఎనిమిది అమైనో ఆమ్లాల తోక తగిలించి, పొరకి రంధ్రాలు చెయ్యకుండా యాంటీబాడీ వెయ్యండి. డిటర్జెంటు వెయ్యకండి. అప్పుడు బయట ఉన్నవే పట్టుబడతాయి. లోపలివైపు సీ కొసకి పెద్ద తోక తగిలిస్తే, రిసెప్టర్‌ని ఆపే అరెస్టిన్ అనే ప్రోటీన్ వచ్చి కూర్చునే చోటు చెడిపోవచ్చు.

ఎంత రిసెప్టర్ పెట్టాలి అన్నదాని మీద కాస్త ఆగుతాను. ఎందుకంటే ఎక్కువ పేపర్లు పాడయ్యేది ఇక్కడే. ఎక్కువ పెడితే సిగ్నల్ బాగా వస్తుంది కదా అనుకుంటారు. వస్తుంది. కానీ ఏమవుతుందంటే, లోపలి జీ ప్రోటీన్లూ ఎంజైములూ తక్కువ, పైన రిసెప్టర్లు లెక్కకి మించి. పదింట ఒకటి పట్టుకున్నా లోపల పని పూర్తిగా జరిగిపోతుంది. దాంతో ఏ మోతాదుకి ఎంత ప్రభావమో చూపే డోసు గీత ఎడమకి జరుగుతుంది, సగం ప్రభావానికి కావలసిన మోతాదు, అంటే ఈసీ50, పడిపోతుంది, మందు నిజంగా ఉన్నదానికంటే బలంగా కనబడుతుంది. ఇంకా దారుణం, సగమే పనిచేసే పార్షియల్ ఎగోనిస్టు పూర్తిగా పనిచేసేదానిలా కనబడుతుంది. మందేమీ వెయ్యకపోయినా రిసెప్టర్లు వాటంతటవే కదిలి అడుగుమట్టం పెరిగిపోతుంది. ఇదంతా మందు గుణం కాదు, మీరు పోసిన ప్లాస్మిడ్ గుణం. కాబట్టి 0.05, 0.1, 0.3, 1 మైక్రోగ్రాము, ఇలా నాలుగు మోతాదుల్లో పెట్టి, ప్రతిదానికీ పైన ఎంతుందో కొలిచి, అప్పుడు డోసు గీత గియ్యండి. రిసెప్టర్ తగ్గుతున్నకొద్దీ గీత ముందు కుడికి జరిగి, ఆ తర్వాత ఎత్తు తగ్గడం మొదలుపెడుతుంది. ఆ మలుపు ఎక్కడుందో తెలిస్తే మీ కణం గురించి మీకు తెలిసినట్టే.

దీన్ని అదుపులో పెట్టాలంటే ఫ్లిప్ ఇన్ టీ రెక్స్ రకం కణాలు మంచివి. వాటి జీనోమ్‌లో ఒకే చోట ఎఫ్‌ఆర్‌టీ గుర్తు ఉంటుంది. మీ రిసెప్టర్ ప్లాస్మిడ్ ఒక వంతు, ఫ్లిప్ రీకాంబినేస్ ఇచ్చే పీఓజీ44 తొమ్మిది వంతులు వేస్తే, జీన్ ఆ ఒక్కచోటే వెళ్ళి కూర్చుంటుంది. హైగ్రోమైసిన్‌తో ఎంచుకోవాలి, జీన్‌ని మూసి ఉంచే రిప్రెసర్ జారిపోకుండా బ్లాస్టిసిడిన్ వేస్తూ ఉండాలి. డాక్సీసైక్లిన్ వేస్తేనే రిసెప్టర్ తయారవుతుంది, మిల్లీలీటరుకి 1 మైక్రోగ్రాము అంటే పూర్తి మోతాదు. తగ్గించుకుంటూ వెళ్ళి కావలసినంతే పొందవచ్చు. అన్నిటికంటే మేలు ఏమిటో తెలుసా? డాక్సీ వెయ్యని గుంటే మీ ఖాళీ కణం. అదే కణం, అదే రోజు, అదే ప్లేటు. అయితే మామూలు సీరమ్‌లో పశువులకి వేసిన టెట్రాసైక్లిన్ అవశేషాలు ఉండొచ్చు, అదీ డాక్సీ జాతిదే, తలుపు కొంచెం తెరిచే ఉంటుంది. టెట్రాసైక్లిన్ లేదని పరీక్షించిన సీరమే కొనండి.

ఇక కొలత. సుబ్బారావు గారి ఏటీపీ ఇక్కడ మొదటిసారి వస్తుంది. జీ ప్రోటీన్లలో జీఎస్ అనే రకం కదిలిందంటే ఎడినైలైల్ సైక్లేస్ అనే ఎంజైము ఏటీపీని తీసుకుని, లోపల కబురు మోసే సైక్లిక్ ఏఎంపీగా మారుస్తుంది. ఇది ఎర్ల్ సదర్లాండ్ కనిపెట్టిన సంగతి, 1971లో నోబెల్. అదే సమయంలో ఫాస్ఫోడైఎస్టరేజ్ ఆ సైక్లిక్ ఏఎంపీని విరగ్గొడుతూ ఉంటుంది. మీకు చేను సంగతి తెలుసు కదా. బోదెలోంచి నీరు వస్తుంది, మురుగు కోడులోకి పోతుంది. చేలో మట్టం చూసి తూము ఎంత తీశారో చెప్పగలరా? కోడు మూస్తే చెప్పగలరు. ఆ కోడు మూసేది ఐబీఎంఎక్స్, 0.5 మిల్లీమోలార్, మందు వెయ్యడానికి పదిహేను, ఇరవై నిమిషాల ముందు. కానీ కాలంతో పాటు సిగ్నల్ ఎలా పెరిగి ఎలా తగ్గిందో చూడాలనుకుంటే కోడు మూయకూడదు. మూస్తే తగ్గడం కనిపించదు. ప్రశ్నని బట్టి పని.

సైక్లిక్ ఏఎంపీని బతికున్న కణంలోనే చూడాలంటే మిణుగురు పురుగు లూసిఫరేజ్‌తో చేసిన సెన్సర్ ఉంది. సైక్లిక్ ఏఎంపీ వచ్చి పట్టుకోగానే లూసిఫరేజ్ ఆకారం కుదిరి వెలుగుతుంది. ఆ వెలుగుకి లూసిఫెరిన్ కావాలి, ఇంకా ఏం కావాలి? ఏటీపీ. ఇది రెండోసారి. అంటే మీ మందు కణంలో ఏటీపీని తగ్గించినా, లూసిఫరేజ్‌ని నేరుగా ఆపినా వెలుగు తగ్గుతుంది. మీరేమో నా మందు రిసెప్టర్‌ని ఆపింది అని సంబరపడతారు. కాబట్టి రిసెప్టర్ లేని కణాల్లో ఫోర్స్కోలిన్ వెయ్యండి. అది కోలియస్ మొక్క వేరులో దొరికేది, సైక్లేస్‌ని నేరుగా తట్టి లేపుతుంది. మీ మందు ఆ వెలుగుని కూడా తగ్గించిందా? అయితే అది మీ రిసెప్టర్ మందు కాదు.

జీఐ రకం రిసెప్టర్లు సైక్లేస్‌ని ఆపుతాయి. అసలు వెలుగు లేనిదే తగ్గిందని ఎలా చూస్తారు? ముందు ఫోర్స్కోలిన్‌తో పెంచాలి, కానీ నిండా పెంచకూడదు. దాని డోసు గీత గీసి 80 శాతం దగ్గర మోతాదు తీసుకోండి. పెర్టుసిస్ టాక్సిన్ మిల్లీలీటరుకి 100 నానోగ్రాములు రాత్రంతా ఉంచితే జీఐ దారి మూసుకుపోతుంది. అప్పుడు మందు ప్రభావం పోవాలి. పోకపోతే ఎక్కడో పొరపాటు ఉంది.

జీక్యూ రకం కదిలితే కణంలో కాల్షియం పెరుగుతుంది, దాన్ని చూస్తాం. ఫ్లూవో 4 ఏఎం అద్దకం 2 నుంచి 4 మైక్రోమోలార్, అరగంట నుంచి ముప్పావు గంట. ఏటీపీ మోసం చేస్తుందన్నాను కదా, అది ఇక్కడే. హెచ్‌ఈకే కణాల మీద సొంతంగా పీ2వై రిసెప్టర్లు ఉన్నాయి, అవి ఏటీపీని పట్టుకుని కాల్షియం పెంచుతాయి. పైపెట్‌తో గట్టిగా పోశారనుకోండి, ఆ తాకిడికే కణాలు కాస్త ఏటీపీని బయటికి వదులుతాయి. పక్క కణం దాన్ని పట్టుకుని మెరుస్తుంది. మందు లేని బఫర్ పోసినా మెరుస్తుంది! ప్లేటంతా బ్రహ్మాండంగా వెలిగిపోతుంది, రిసెప్టర్‌తో దానికి సంబంధమే ఉండదు. మందు పోసే వేగం తగ్గించి, గుంట గోడ వెంబడి పొయ్యండి. బఫర్ మాత్రమే పోసిన గుంటలు ప్రతి వరసలోనూ ఉంచండి. అనుమానం వస్తే ఏపైరేజ్ అనే ఎంజైము మిల్లీలీటరుకి ఒకటి రెండు యూనిట్లు వెయ్యండి, బయటి ఏటీపీని తినేస్తుంది. అప్పుడు ఆ మెరుపు పోతే దొంగ దొరికినట్టే.

ఈ సొంత రిసెప్టర్ల జాబితా మీ గోడ మీద ఉండాలి. హెచ్‌ఈకేలో బీటా 2 ఎడ్రినర్జిక్ ఉంది, ఎడినోసిన్ ఏ2బీ ఉంది, మస్కరినిక్ ఎం3 ఉంది, పీ2వైలు ఉన్నాయి. డోపమైన్ డీ1 రిసెప్టర్ మీద పనిచేస్తున్నారనుకోండి. డోపమైన్ మోతాదు పెంచుకుంటూ పోతే ఒకచోట అది బీటా 2ని కూడా తాకుతుంది. డీ1 లేకపోయినా సైక్లిక్ ఏఎంపీ పెరుగుతుంది. ఐసీఐ 118551తో బీటా 2ని మూసి చూడండి. ఐసోప్రినలిన్ వాడేవాళ్ళు ఎప్పటికప్పుడు తాజాగా కలపండి, కొంచెం ఎస్కార్బిక్ ఆమ్లం వేసుకోండి. ద్రావణం గులాబీ రంగుకి తిరిగిందంటే ఆక్సీకరణ జరిగింది, పారబోయండి. మందుల్ని కరిగించే డీఎంఎస్‌ఓ చివరికి 0.1 శాతం దాటకుండా, అన్ని గుంటల్లోనూ సమానంగా ఉండాలి.

ఇంకో మెట్టు పైకి వెళ్దాం. పెట్టడం కాదు, తీసేయడం. జీన్‌ని కోసే క్రిస్పర్ పద్ధతి వచ్చాక సొంత రిసెప్టర్‌నీ, సొంత జీ ప్రోటీన్‌నీ కణంలోంచి తీసేయగలుగుతున్నాం. జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయంలో అసుకా ఇనోవే బృందం జీఎస్ లేని, జీక్యూ లేని, జీ12 లేని, అరెస్టిన్లు రెండూ లేని హెచ్‌ఈకే కణాలు తయారుచేసి ప్రపంచంలో ఎంతోమందికి ఇచ్చింది. నిజంగా ఖాళీ కణం అంటే ఇవి.

తీసేయడం ఎలా? కోసే చోటు చూపే 20 అక్షరాల గైడ్ ఆర్‌ఎన్‌ఏ, దాని పక్కన డీఎన్‌ఏలో ఏదో ఒక అక్షరం తర్వాత రెండు జీలు ఉన్న చోటు. తొలి ఎక్సాన్లలో కొట్టాలి. కోత మానేటప్పుడు అక్షరాలు పోవడమో చేరడమో జరుగుతుంది, అది మూడుకి గుణిజం కాకపోతే కణం ఆ జీన్‌ని చదివే చదువు తప్పిపోతుంది. ఒక్కొక్క కణాన్ని ఒక్కొక్క గుంటలో పెట్టి రెండు మూడు వారాలు పెంచాలి. ఇందాక కాపీల సంగతి మళ్ళీ వస్తానన్నాను. మూడు కాపీలున్న జీన్‌లో రెండు చెడి ఒకటి బాగుంటే మీకు నాకౌట్, అంటే ఆ జీన్ పూర్తిగా పోయిన కణం, దొరికినట్టా? లేదు. రెండు కాపీల్లో చదువు తప్పి, మూడోదాన్లో సరిగ్గా మూడు అక్షరాలే పోయాయనుకోండి, ఒక అమైనో ఆమ్లం తక్కువగా ప్రోటీన్ హాయిగా పనిచేస్తుంది. కాబట్టి ఆ చోటుని పీసీఆర్ చేసి, అంటే డీఎన్‌ఏ కాపీలు పెంచి, సీక్వెన్సు చదివించి, ప్రతి కాపీకీ లెక్క తేలాలి. ఆపైన ప్రోటీన్ లేదని వెస్టర్న్‌లో చూడాలి, పని లేదని కొలతలో చూడాలి. మూడూ.

ఇది ఎంత ముఖ్యమో చెప్పడానికి అరెస్టిన్ గొడవ ఒక్కటి చాలు. అరెస్టిన్లు రిసెప్టర్‌ని ఆపడమే కాదు, వాటంతటవే ఈఆర్‌కే అనే కబురు మోసే ఎంజైముని కదిలిస్తాయని ఎన్నో ఏళ్ళు చెప్పుకున్నాం. అది ఎక్కువగా, ప్రోటీన్ తయారీని తగ్గించే ఎస్ఐఆర్‌ఎన్‌ఏతో అరెస్టిన్‌ని తగ్గించి చేసిన పని. 2017, 2018లో క్రిస్పర్ కణాలతో చేసిన పేపర్లు వచ్చాయి. అరెస్టిన్ పూర్తిగా లేకపోయినా ఈఆర్‌కే కదిలింది. జీ ప్రోటీన్లు చాలావరకు తీసేసి, మిగిలినవి టాక్సిన్‌తో మూసేస్తే కదల్లేదు. ఇంకొక బృందం వేరే వేరే ప్రయోగశాలల్లో చేసిన అరెస్టిన్ లేని కణాల్ని పక్కపక్కన పెట్టి చూస్తే, అవి ఒకదానిలా ఒకటి ప్రవర్తించలేదు. ఎందుకు? ప్రోటీన్ లేకుండా నెలల తరబడి బతికిన కణం తన దారులు తనే మార్చుకుంటుంది. అందుకని ఒక్క క్లోన్‌తో ఎప్పుడూ ఆగకండి. వేరే గైడ్‌తో చేసిన రెండో క్లోన్ కావాలి. తీసేసిన జీన్‌ని తిరిగి పెడితే పాత గుణం తిరిగి రావాలి. వస్తేనే ఆ లోటు ఆ జీన్ వల్ల. ఈఆర్‌కే చూసేవాళ్ళు ఇంకోటి. సీరమ్‌లో లైసోఫాస్ఫాటిడిక్ ఆమ్లం ఉంటుంది, అదే ఈఆర్‌కేని లేపి కూర్చోబెడుతుంది. నాలుగు గంటలైనా, వీలైతే రాత్రంతా సీరమ్ లేకుండా ఉంచి, మందు వేసిన 2, 5, 10, 30 నిమిషాలకి ఆపి చూడండి. ఐదో నిమిషం దగ్గర శిఖరం ఉంటుంది, గంట తర్వాత చూసి ఏమీ లేదంటే ఎలా?

ఇప్పుడు కంటికి కనపడని మరో శత్రువు, మైకోప్లాస్మా. దానికి కణకవచం లేదు, కాబట్టి పెన్సిలిన్ దాన్నేమీ చెయ్యలేదు. 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లోంచి కూడా దూరిపోతుంది. మీడియం మబ్బు పట్టదు, రంగు మారదు, కణాలు బతికే ఉంటాయి. కానీ సిగ్నళ్ళన్నీ తేడాగా ఉంటాయి. నెలకోసారి పీసీఆర్ పరీక్ష తప్పదు. ఇక్కడ మన ప్రాంతానికి ఒక వరం ఉంది. రొయ్య సీడు వెయ్యబోయే ముందు వైట్ స్పాట్ వైరస్ ఉందో లేదో పీసీఆర్ చేయించని ఆక్వా రైతు ఈ చుట్టుపక్కల ఉన్నాడా? పీసీఆర్ మిషన్, జెల్ పెట్టె, ఆ పని వచ్చిన చేతులు ఈ డెల్టాలో వీధివీధినా ఉన్నాయి. మైకోప్లాస్మా 16ఎస్ జీన్‌కి ప్రైమర్లు తెప్పించుకుంటే చాలు. సీడు పరీక్ష చేయించకుండా చెరువులో వెయ్యరు కదా, కణాల్నీ అలాగే చూడండి. కొత్తగా వచ్చిన సెల్ లైన్‌ని ఫలితం వచ్చేదాకా వేరే ఇంక్యుబేటర్‌లో, అది లేకపోతే కనీసం వేరే మీడియం సీసాతో, రోజులో చివరగా ముట్టుకోండి. ఎవరి దగ్గరో ఫ్లాస్కు తెచ్చుకోవడం కంటే పుణేలోని నేషనల్ సెంటర్ ఫర్ సెల్ సైన్స్ నుంచి తెప్పించుకోవడం మంచిది. వచ్చాక ఒకసారి ఎస్‌టీఆర్ ప్రొఫైల్, అంటే కణానికి డీఎన్‌ఏ వేలిముద్ర లాంటిది, చేయించండి. 80 శాతం పైన కలవాలి. కలవకపోతే అది మీరనుకున్న కణం కాదు.

ప్రశ్నలు ఉంటే అడగండి. అమ్మాయీ, మైకు తీసుకోమ్మా.

అనుమతులు కావాలా అని అడుగుతోంది. కావాలమ్మా. మనిషి కణాల్లో జీన్ పెడుతున్నాం, 1989 నియమాల ప్రకారం మీ సంస్థలోని బయోసేఫ్టీ కమిటీకి ముందుగా రాసివ్వాలి. హెచ్‌ఈకేలో అడినోవైరస్ ముక్క ఉంది కాబట్టి బీఎస్‌ఎల్ 2, అంటే రెండో స్థాయి బయోసేఫ్టీ జాగ్రత్తలు. వ్యర్థాన్ని సింక్‌లో పొయ్యకూడదు, బ్లీచ్‌లో నానబెట్టి గానీ ఆటోక్లేవ్ చేసి గానీ పారెయ్యాలి.

మాస్టారు అడుగుతున్నారు, ప్లేట్ రీడర్ లేని కాలేజీలో ఏం చెయ్యాలని. మంచి ప్రశ్నండి. సైక్లిక్ ఏఎంపీ ఎలైజా కిట్లు వస్తాయి, వాటికి మామూలు ఎలైజా రీడర్ చాలు, అది చాలా ఫార్మసీ కాలేజీల్లో ఉంది. పైన రిసెప్టర్ ఎంతుందో చూసే ఫ్లాగ్ యాంటీబాడీ పని కూడా అదే రీడర్‌తో అవుతుంది. కాల్షియం మాత్రం ఫ్లోరోసెన్స్ లేకుండా కుదరదు. ఆ పని వేరే చోట చేయించుకోండి.

చివరి ప్రశ్న బాబు అడిగాడు, ఒక 96 గుంటల ప్లేటులో ఖాళీ కణాలకి ఎన్ని గుంటలు ఇవ్వాలని. సగం ఇవ్వు. అవును, సగం. అంచు గుంటల్లో నీరు ఆవిరైపోయి లెక్కలు తప్పుతాయి, వాటిలో బఫర్ పోసి వదిలెయ్యి. మిగిలిన 60లో 30 రిసెప్టర్ ఉన్నవి, 30 లేనివి. ప్రతి మోతాదుకీ మూడేసి గుంటలు, రెండు వైపులా అదే మందు, అదే వరస. ఎనిమిది మోతాదులు, ఒకటి బఫర్, ఒకటి ఫోర్స్కోలిన్. పదిమూళ్ళు ముప్ఫై. సరిపోయిందా?